పెద్దమ్మ ఇంట్లో పెరిగే పిల్లవాడికి ఆ బొమ్మల కథల్లో దొరికేది

మీ ప్రశ్న ఇది: చెల్లెలు కువైట్‌లో ఇంటిపనికి వెళ్ళింది, ఆమె కొడుకు పాలకొల్లులో మీ దగ్గర ఉండి తొమ్మిదో తరగతి చదువుతున్నాడు. అన్నాచెల్లెళ్ళు, తల్లీబిడ్డలు, వాళ్ళ మధ్యలో రాక్షసులు, మంత్రవిద్యలు ఉండే జపాన్ బొమ్మల కథలు, అంటే మాంగాలు, ఫోనులో చదువుతూ కళ్ళు తుడుచుకుంటున్నాడు. ఏడిపించే కథలో ఊరట ఏముంటుంది, మాన్పించాలా అని అడిగారు.

మాన్పించకండి. నేనూ అలా పెరిగిన దాన్నే. నేను రాజోలు దగ్గర అమ్మమ్మ ఇంట్లో ఉంటే, మా అమ్మ కువైట్‌లో పరాయి ఇంటి పిల్లలకు అన్నం తినిపించేది. ఇప్పుడు ఆ చుట్టుపక్కలే ఒక బడిలో పాఠాలు చెబుతున్నాను. నా తరగతిలోనూ అమ్మ గల్ఫ్‌లో ఉన్న పిల్లలున్నారు. వాళ్ళలో చదివే అలవాటున్న వాళ్ళ చేతికి ఎలాగో ఈ కథలే చేరుతున్నాయి. బయటివాళ్ళకు ఇది వింతగా ఉంటుంది. 1852లో దవళేశ్వరం ఆనకట్ట పూర్తయినప్పటి నుంచి కాలువలు పారుతున్న నేల, ఎటు చూసినా వరి, కొబ్బరి, ఇక్కడి ఆడవాళ్ళు ఎడారి దేశానికి వెళ్ళి గిన్నెలు తోమడం ఏమిటంటారు. కాలువ ఊరందరి ముందు నుంచీ పారుతుంది, పొలం మాత్రం కొందరికే ఉంది. సెంటు భూమి లేని ఇంట్లో ఆడపిల్ల పెళ్ళి తలపెట్టినా, పాత అప్పు తీర్చాలన్నా, ఇంటికి స్లాబు వేయాలన్నా ఏజెంటు గడప తొక్కాల్సి వస్తోంది.

కుటుంబ కథ అనగానే అందరూ ఒకచోట కూర్చుని నవ్వుతూ భోంచేసే కథ అనుకుంటాం. అమ్మ దగ్గర లేని పిల్లలకు అలాంటి కథ గుచ్చుకుంటుంది. ఈ మాంగాలు అలా ఉండవు. ఇల్లు చెదిరిపోయిన దగ్గరే కథ మొదలవుతుంది. కొయొహారు గొతోగె గీసిన 'డీమన్ స్లేయర్' 2016 నుంచి 2020 వరకు ఒక వారపత్రికలో వచ్చింది. తంజిరో కొండ మీది కుర్రవాడు, బొగ్గులు అమ్మి ఇల్లు నడుపుతుంటాడు. ఒక రాత్రి ఇంటికి చేరలేకపోతాడు. తెల్లవారి వచ్చి చూస్తే తల్లి, తోడబుట్టిన వాళ్ళు చచ్చిపడి ఉంటారు. ఊపిరితో మిగిలిన ఒక్క చెల్లెలు నెజుకో రాక్షసిగా మారిపోయి ఉంటుంది. కరవకుండా ఆమె నోటికి అడ్డంగా వెదురు ముక్క కడతారు. మాట లేదు. ఎండ తగిలితే బతకదు. తంజిరో ఆమెను ముందు ఒక బుట్టలో దాస్తాడు, తర్వాత గురువు చేసి ఇచ్చిన చెక్కపెట్టెలో పెట్టుకుని, వీపున మోస్తూ ఊరూరా తిరుగుతాడు. ఆమెను మళ్ళీ మనిషిని చేసే దారి వెతకడమే అతని పని.

నన్ను పట్టుకున్నది ఆ పెట్టె. అమ్మ విమానం ఎక్కిన ఇంట్లో పిల్లకు చేయడానికి ఏ పనీ ఉండదు. బాగా చదువుకో, అమ్మ నీ కోసమే కష్టపడుతోంది అని పెద్దవాళ్ళంటారు. అంటే రుణం పెరుగుతూ ఉంటుంది, ఎదురుచూడటం తప్ప అది తీర్చే ఉపాయం చేతిలో ఉండదు. తంజిరోకు ఆ ఉపాయం ఉంది. అతని ప్రేమకు బరువుంది, పట్టీలున్నాయి, పొద్దున్నే లేచి భుజానికి తగిలించుకోవచ్చు. కనుమ నాడు మా కోనసీమలో జగ్గన్నతోట తీర్థానికి వెళుతూ, వెదురుతో కట్టి అలంకరించిన గంగలకుర్రు ప్రభను భుజాల మీద ఎత్తి కౌశిక నది దాటించే వాళ్ళ ముఖాలు చూసిన వాళ్ళకు ఆ పెట్టె సంగతి నేను విడమరచి చెప్పక్కర్లేదు. మోసే వాడికి అది కష్టంగా అనిపించదు, నా వంతు నాకు దొరికిందన్న తృప్తి ఉంటుంది.

ఆ కథలోనే ఇంకో కుటుంబం కూడా ఉంది. రూయి అనే సాలీడు రాక్షసుడు తోటి రాక్షసులను పట్టి, నువ్వు అమ్మవి, నువ్వు నాన్నవి, నువ్వు అక్కవి అని పాత్రలు పంచి, తప్పితే హింసిస్తూ అడవిలో కాపురం నడుపుతాడు. వరసలన్నీ ఉన్నాయి, ఆప్యాయత లేదు. బంధువుల మధ్య పెరిగే పిల్లలకు ఈ తేడా చాలా చిన్న వయసులోనే తెలిసిపోతుంది, బయటికి చెప్పే ధైర్యం మాత్రం ఉండదు. కథ దాన్ని వాళ్ళ తరఫున గట్టిగా చెబుతుంది.

ఇక 'ఫుల్‌మెటల్ ఆల్కెమిస్ట్'. హొక్కైడోలో పాడి రైతుల ఇంట పుట్టిన హిరోము అరకావా 2001 నుంచి 2010 వరకు గీసిన కథ. ఎడ్వర్డ్, ఆల్ఫోన్స్ అన్నదమ్ములు. చనిపోయిన అమ్మను తమ విద్యతో తిరిగి తెచ్చుకోవాలని చూస్తారు. అమ్మ రాదు. పెద్దవాడి కాలు పోతుంది, చిన్నవాడి ఒళ్ళంతా పోతుంది. తమ్ముడి ప్రాణాన్ని నిలపడానికి అన్న తన చేతిని కూడా ఇచ్చి, ఆ ప్రాణాన్ని ఒక ఇనుప కవచంలో బంధిస్తాడు. అప్పటి నుంచి ఆల్ఫోన్స్ అంటే లోపల ఏమీ లేని కవచం. ఆకలి లేదు, నిద్ర లేదు. ఒళ్ళు తిరిగి వచ్చాక తినాలనుకునే వాటి పేర్లు మాత్రం రాసి పెట్టుకుంటాడు. చిన్ననాటి స్నేహితురాలు విన్రీ చేసే 'ఆపిల్ పై' అనే తీపి వంటకం కూడా ఆ జాబితాలో ఉంది.

ఆ జాబితా దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. మా అమ్మకు శుక్రవారం సెలవు, ఆ రోజే ఫోను. చదువు గురించి రెండు మాటలయ్యాక, ఈ వారం ఏమేం వండారో చెప్పు అనేది. పనసపొట్టు కూర అంటే, ఆవ ఎప్పుడు కలిపారు, జీడిపప్పు వేశారా, ఎండుమిరపకాయలు మాడలేదు కదా అని అడిగేది. అమ్మమ్మ పక్కనుంచి జవాబులు అందిస్తుంటే నేను ఫోనులో చెప్పేదాన్ని. అవతల అమ్మ ఊఁ కొడుతూ వినేది. ఆవిడ అప్పుడు ఏం చేస్తోందో ఆల్ఫోన్స్ కాగితం చూశాక తెలిసింది. తినలేని చోట ఉండి, పేర్లు చెప్పుకుని కడుపు నింపుకుంటోంది.

మామూలు నవల ఇదే విషయం రాస్తే ఇంత హాయి ఉండదా అని మీరు అడగవచ్చు. నా మటుకు నాకు ఉండేది కాదు. అమ్మ గల్ఫ్‌కు వెళ్ళిన పిల్ల కథ అంటూ నేరుగా రాస్తే, అందులో నన్ను నేను చూసుకోవడం సిగ్గుగా ఉండేది, పదిమంది నన్నే చూస్తున్నట్టు ఉండేది. ఖాళీ కవచాన్ని చూసి ఏడిస్తే నీకేమైందని ఎవరూ అడగరు. మాట రాని నెజుకోను చూస్తూ, నేను చెప్పలేకపోయినవన్నీ నాలో నేను చెప్పుకోవచ్చు. మాయలు, రాక్షసులు ఉన్నది అందుకే. పైగా ఇది కదలని బొమ్మ. సినిమాలో గొంతు పట్టుకునే లోపే దృశ్యం మారిపోతుంది. మాటలు లేని బొమ్మ ఒకటి పేజీ నిండా ఉంటే మనకు కావలసినంతసేపు దాని ముందు కూర్చోవచ్చు, రేపు మళ్ళీ అక్కడికే రావచ్చు.

నిజానికి ఇది మనకు కొత్త కాదు. అమ్మమ్మ నాకు బాలనాగమ్మ కథ చెప్పేది. మాయల ఫకీరు ఉయ్యాలలో బిడ్డ ఉండగానే తల్లిని ఎత్తుకుపోతాడు. ఆ బిడ్డే పెరిగి పెద్దవాడై, బాలవర్ధిరాజుగా తల్లిని వెతుక్కుంటూ బయలుదేరి, ఏడు సముద్రాల అవతల చిలుకలో దాచిన ఫకీరు ప్రాణం పట్టుకుంటాడు. సముద్రం దాటే చోటు వచ్చేసరికి నేను లేచి కూర్చునేదాన్ని. ఆ కథ నాకు ఎందుకు మళ్ళీ మళ్ళీ కావాలో అమ్మమ్మకు తెలుసని ఇప్పుడు అనిపిస్తుంది, ఎప్పుడూ విసుక్కోలేదు.

మీ ఇంటికి అన్నిటికంటే దగ్గరైన కథ మాత్రం యుకి మిదోరికావా గీస్తున్న 'నత్సుమేస్ బుక్ ఆఫ్ ఫ్రెండ్స్'. నత్సుమేకు చిన్నప్పుడే అమ్మానాన్నలు పోయారు. ఇతరులకు కనిపించని భూతాలు అతనికి కనిపిస్తాయి. చెబితే అబద్ధాలకోరు అంటారు, అలా ఒక బంధువు ఇంటి నుంచి ఇంకో బంధువు ఇంటికి మారుతూ పెరుగుతాడు. చివరికి ఫుజివారా దంపతులు, పిల్లలు లేని దూరపు బంధువులు, అతన్ని తెచ్చుకుంటారు. తోకో అనే ఆ ఇల్లాలికి మంత్రాలేవీ రావు. వండి పెడుతుంది, ఆలస్యమైతే వాకిట్లోకి చూస్తుంది. ఈ ఇల్లు కూడా ఎక్కడ పోతుందోనని అతను భూతాల సంగతి ఆమెకు తెలియనివ్వడు. ఒకరింట్లో ఉండే పిల్ల రెండోసారి అన్నం అడగదు, కంచం ఎవరూ చెప్పకుండానే కడిగేస్తుంది, జ్వరం వస్తే దాస్తుంది. భారం అవుతానేమోనన్న భయం అది. ఆ భయం ఉన్న పిల్లవాడికి రోజూ పొద్దున్నే అదే వంటగదిలో అదే మనిషి కనిపించడం ఎంత పెద్ద విషయమో ఈ కథ చూపించినట్టు మరొకటి చూపించగా నేను చూడలేదు. తోకోను చూసి మీ అబ్బాయి కళ్ళు తుడుచుకుంటున్నాడంటే, మీ మీద అలిగి కాదు.

'డీమన్ స్లేయర్'లో నెత్తురు, నరుకుళ్ళు బాగా ఉంటాయి, ఇంట్లో ఇంకా చిన్నపిల్లలుంటే వాళ్ళకు ఇవ్వకండి. మీ అబ్బాయికి నిద్ర చెడుతున్నా, తిండి తగ్గినా, స్నేహితులతో కలవడం మానేసినా కథల సంగతి పక్కన పెట్టి కూర్చోబెట్టి మాట్లాడండి. లేకపోతే ఆ పాత్రల పేర్లు మీరూ నేర్చుకోండి, మీ చెల్లెలికీ చెప్పండి. మార్కుల మాట అయిపోయాక ఆవిడ తంజిరో ఎక్కడిదాకా వెళ్ళాడని అడిగితే, ఫోను పెట్టేయమనే వాళ్ళు లేనంతసేపు మాట్లాడతాడు. మీకు తీరిక ఉంటే నత్సుమే మొదటి సంపుటం తిరగేయండి. అధ్యాయాలు చాలావరకు దేనికది పూర్తవుతాయి, పనుల మధ్యలో ఒక్కొక్కటి చదవచ్చు. బొమ్మలు కుడి నుంచి ఎడమకు చూసుకుంటూ పోవాలి. మొదట్లో తికమకగా ఉంటుంది, అతన్నే అడగండి, పక్కన కూర్చుని నేర్పుతాడు.