ప్రచారానికి వెళ్తున్న మా చిట్టితల్లికి

చిట్టితల్లీ,

ఉద్యోగానికి సెలవు పెట్టేసి ఎలక్షన్ అయ్యేదాకా మీ నాయకుడి ప్రచారంలోనే ఉంటానన్నావని మీ అమ్మ నిన్న ఫోన్ చేసింది. దానికి ఒకటే కంగారు. నాకైతే ముందు గర్వంగానే అనిపించింది, ఎందుకంటే మన పిల్లలు లోకం ఎటు పోతే మనకేంటిలే అనుకోకూడదని ఇన్నాళ్ళూ ప్రార్థన చేసింది నేనే కదా. తర్వాత నీ స్టేటస్ చూశాను. "ఈయన గెలిస్తేనే మనకి బతుకు, లేకపోతే అంతా అయిపోయినట్టే" అని పెట్టావు. ఇక రాత్రి నిద్ర పడితే ఒట్టు. అందుకే రాస్తున్నా, పెద్దమ్మ క్లాసు పీకుతోందని పక్కన పెట్టెయ్యకుండా చివరిదాకా చదువు.

వేళకి తిను, పొద్దుపోయాక ఒంటరిగా తిరగకు, డబ్బు నీ చేతిమీదుగా వెళ్తే లెక్క రాసిపెట్టు, నిజమో కాదో తెలియనిది ఎవరికీ ఫార్వర్డ్ చెయ్యకు. ఇవి నీకు తెలిసినవే.

విశ్వాసులకి రాజకీయాలెందుకు అనేవాళ్ళు నీకు చాలామంది తగుల్తారు, వాళ్ళ మాట పట్టించుకోకు. యోసేపు ఫరో దగ్గర పనిచేశాడు, దానియేలు బబులోను రాజుల దగ్గర చేశాడు. అహాబు లాంటి దుర్మార్గుడైన రాజు ఇంట్లో గృహనిర్వాహకుడిగా ఉంటూనే ఓబద్యా వందమంది ప్రవక్తల్ని గుహల్లో దాచి అన్నపానాలు పెట్టి బతికించాడు. అహాబు కొలువులో ఉన్నాడు గానీ తన భయభక్తులు మాత్రం యెహోవాకే ఇచ్చాడు. నువ్వు అలా ఉంటానంటే నేనే ముందు నిన్ను దీవించి పంపిస్తా.

నా భయమల్లా వేరే. మీ తాతయ్య నీకు సరిగ్గా గుర్తుండడు. ఆయనా ఒక నాయకుణ్ణి నమ్మాడు, ఆ నాయకుడు చెడ్డవాడేం కాదు కూడా. గెలిపించు దేవా అని అడగడంతో మొదలైంది, రానురాను ఆయన ప్రార్థనలో ఇంక వేరే సంగతే లేకుండా పోయింది. ఫలితాల రోజు రేడియో చెవికి ఆనించుకుని కూర్చున్నాడు, ఓడిపోయారని చెప్పగానే దాన్ని ఆపేసి గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆ తర్వాత చాలాకాలం పొద్దుటి ప్రార్థన లేదు. టేబుల్ మీద బైబిల్, దాని మీద ఆయన కళ్ళజోడు అలాగే ఉండేవి, నేను కళ్ళజోడు తీసి దుమ్ము తుడిచి మళ్ళీ అక్కడే పెట్టేదాన్ని. అంతకన్నా బాధేంటంటే అవతలి పార్టీకి ఓటేశాడని చిన్ననాటి స్నేహితుడితో మాట్లాడ్డం మానేశాడు, ఇద్దరూ సంఘ పెద్దలే, ఒకే బల్ల దగ్గర రొట్టె ద్రాక్షారసం తీసుకుని ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా బయటికి వెళ్ళిపోయేవాళ్ళు. ఓడితేనే ఇలా అయింది. గెలిస్తే ఇంకా ప్రమాదం తల్లీ, అది చెప్పడానికే ఇదంతా.

జర్మనీ సంగతి నీకు ఎవరూ చెప్పి ఉండరు, నేను చెప్తా. మొదటి ప్రపంచయుద్ధంలో ఓడిపోయారు, పనుల్లేవు, కమ్యూనిస్టులు వస్తే చర్చిలు మూసేస్తారని భయం. అలాంటప్పుడు 1933 జనవరి 30న హిట్లర్ ఛాన్సలర్ (మన ప్రధానమంత్రి లాంటి పదవి) అయ్యాడు, చాలామంది విశ్వాసులు దేవుడే పంపాడని సంతోషపడ్డారు. వాళ్ళు బైబిల్ తెలియనివాళ్ళు కాదు, ప్రొటెస్టెంట్ సంఘాలకి మూలపురుషుడైన మార్టిన్ లూథర్ పుట్టిన దేశం అది. "జర్మన్ క్రైస్తవులు" అని చర్చిలో హిట్లర్‌ని సమర్థించే ఒక గుంపు బయల్దేరింది, ఆ జులైలో చర్చి ఎన్నికలకి ముందురోజు హిట్లర్ రేడియోలో వాళ్ళకి మద్దతుగా మాట్లాడాడు, వాళ్ళే గెలిచారు. సెప్టెంబరుకల్లా ప్రష్యా అనే జర్మనీ రాష్ట్రంలోని పెద్ద ప్రొటెస్టెంట్ సంఘంలో యూదుల వంశంలో పుట్టిన పాస్టర్లు పనికిరారని తీర్మానం చేశారు. నవంబరులో బెర్లిన్‌లో పెద్ద సభ పెట్టి బైబిల్లోంచి పాత నిబంధననే తీసెయ్యాలన్నారు. ఒక్క ఏడాది కూడా తిరగలేదు చూడు! రాజకీయాల్లో మొదలైంది బైబిల్ దాకా వచ్చేసింది. మార్టిన్ నీమొల్లర్ అనే పాస్టరు ఉండేవాడు, ఆయనా మొదట్లో హిట్లర్‌కి ఓటేసినవాడే, చర్చి మీద చెయ్యి పడ్డాక తిరగబడ్డాడు, 1937లో అరెస్టు చేస్తే 1945 దాకా జైల్లో, నిర్బంధ క్యాంపుల్లో గడిపాడు. 1934 మే నెలలో బార్మెన్ అనే ఊళ్ళో అలా తిరగబడ్డవాళ్ళు కొంతమంది కూడి, మేము వినాల్సింది, లోబడాల్సింది యేసుక్రీస్తు ఒక్కడికే అని రాసి ప్రకటించారు. మంచి పని చేశారు, కానీ అందులో హిట్లర్ హింసిస్తున్న యూదుల గురించి ఒక్క మాట లేదు. అది తల్చుకుంటే నాకు ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. అంత ధైర్యం చేసినవాళ్ళకి కూడా పక్కవాడి ఏడుపు వినపడలేదు.

మీ నాయకుడు హిట్లర్ అని కాదు నేననేది, కోపం తెచ్చుకోకు. దేవుడికివ్వాల్సిన నమ్మకం మనిషికిస్తే మంచి మనిషైనా మొయ్యలేడు. "రాజులచేతనైనను నరులచేతనైనను రక్షణ కలుగదు, వారిని నమ్ముకొనకుడి" అని 146వ కీర్తనలో ఉంది, ఆ కింది వచనం కూడా చదువు, వాళ్ళ ప్రాణం పోయిన రోజే వాళ్ళ సంకల్పాలూ పోతాయట. ఐదువేలమందికి రొట్టెలు పెట్టినరోజు జనం యేసుని బలవంతంగా రాజుని చెయ్యాలని చూస్తే ఆయన ఒంటరిగా కొండకి వెళ్ళిపోయాడు. సాక్షాత్తూ ప్రభువే వద్దన్న కుర్చీలో మనం ఇంకొకణ్ణి కూర్చోబెట్టి ఈయనే రక్షకుడంటే ఎలాగే?

కాబట్టి రోజూ పడుకునేముందు ఒకటి చూసుకో. మా నాయకుడు ఈరోజు తప్పు మాట్లాడితే తప్పని నా నోటితో అనగలనా? అహాబు దగ్గర నాలుగువందలమంది ప్రవక్తలు యుద్ధానికి వెళ్ళు గెలుస్తావు అన్నారు, మీకాయా ఒక్కడే కాదన్నాడు, చెంపదెబ్బ తిని జైలుకెళ్ళాడు. ఆ నాలుగువందలమందిలో నువ్వు కలిసిపోయావని మాత్రం నేను వినకూడదు. నోరు రావట్లేదు అనిపించినరోజు బ్యాగ్ సర్దుకుని నా దగ్గరికి వచ్చెయ్, ఎందుకొచ్చావని అడగను. ఆదివారం మీటింగులున్నాయని ఆరాధన మానకు. అవతలి పార్టీకి పనిచేసే విశ్వాసి ఎదురుపడితే ముందు నువ్వే పలకరించు, వాళ్ళు తిరిగి పలకరించకపోయినా.

మీ అమ్మకి నేను సర్దిచెప్తాలే. తిమోతికి పౌలు రాజుల కోసం ప్రార్థన చెయ్యమని రాశాడు కదా, అందుకని మీ నాయకుడి పేరు నా ప్రార్థన పుస్తకంలో రాసుకున్నా. దాని పక్కనే ఆయన మీద పోటీ చేసే ఆయన పేరు కూడా రాశా, నువ్వెంత అలిగినా కొట్టెయ్యను.

మీ పెద్దమ్మ