ఇటుక అడుగు చూడకుండా పెట్టెకు వెల కట్టవద్దు

అజిత్ సింగ్ నగర్,
విజయవాడ.

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

గుంటూరు నుంచి నీవు పంపిన ఉత్తరమూ, దానితోపాటు పెట్టిన నాలుగు ఫొటోలూ అందాయి. పాత లెగో సెట్లు, అంటే ఒకదానికొకటి అతికించి బొమ్మలు కట్టే ప్లాస్టిక్ ఇటుకల పెట్టెలు, సేకరించాలన్న కోరిక నీకు కలగడం నాకు ఎంతో సంతోషంగా ఉంది. నలభై ఏళ్ళకు పైగా నేను ఈ పని చేస్తున్నాను, మన బంధువుల్లో ఈ ఇటుకల గురించి శ్రద్ధగా అడిగినదానివి నీవే మొదట. అయితే 1985 నాటిదని, అంగడిలోకి ఎన్నడూ రాలేదని, సీలు కూడా తీయలేదని చెప్పి లక్షా పదివేలు అడుగుతున్న ఆ విదేశీ అమ్మకందారుకు ఈ వారమే అడ్వాన్సు పంపాలా అని అడిగావు కనుక ముందు దానికే జవాబు చెబుతాను. పంపవద్దు.

ఆయన మోసగాడని నేను అనడం లేదు. ఆయన చెప్పే రెండు మాటలు ఒకదానితో ఒకటి పొసగడం లేదని మాత్రం అంటున్నాను. అమ్మకానికే రాని సెట్‌కు రంగుల బొమ్మ అచ్చు వేసిన పెట్టె, దాని మీద నంబరు, సీలు ఇవన్నీ ఎలా వచ్చాయో ఆయన చెప్పగలగాలి. నమూనా దశలోనే ఆగిపోయిన సెట్‌కు సాధారణంగా అంగడి పెట్టె ఉండదు. అంతా సిద్ధమయ్యాక చివరి క్షణంలో ఆపేసిన సెట్‌కు మాత్రమే ఉంటుంది. అలాంటిదానికి ఈమధ్య కాలపు ఉదాహరణ 42113 నంబరు గల ఆస్ప్రే విమానం. 2020 ఆగస్టు 1న అది అమ్మకానికి రావలసి ఉండగా, అది సైనిక విమానానికి నమూనా అని జర్మనీలో శాంతివాదులు అభ్యంతరం చెప్పడంతో కంపెనీ జులైలోనే దానిని రద్దు చేసింది. అప్పటికే కొన్ని దుకాణాలు కొన్ని పెట్టెలు అమ్మేశాయి కాబట్టి అవి నిజంగానే జనం చేతుల్లో ఉన్నాయి. ఆ కథ అందరికీ తెలుసు, తేదీలతో సహా సరిచూసుకోవచ్చు. నీ అమ్మకందారు చూపే పెట్టెకు అలాంటి కథ ఏదైనా ఉందా అని అడుగు.

"విడుదల కానిది" అనే మాటను అమ్మేవాళ్ళు చాలా ఉదారంగా వాడతారమ్మా. కంపెనీ తన ఉద్యోగులకు క్రిస్మస్ కానుకగా ఇచ్చే సెట్లున్నాయి. డెన్మార్క్‌లో కంపెనీ సొంత ఊరైన బిల్లుండ్‌కు వెళ్ళి, కంపెనీ లోపలంతా చూపించే ఇన్‌సైడ్ టూర్‌లో పాల్గొన్నవారికి మాత్రమే ఇచ్చేవీ ఉన్నాయి. ఇవి అరుదైనవే, కానీ విడుదల కానివి కావు. వాటికి నంబరూ పత్రమూ ఉంటాయి. ఒక దేశంలో మాత్రమే అమ్మి ఊరుకున్నవి మరో రకం. అమెరికాలో 1961 నుంచి 1972 వరకు శామ్సొనైట్ కంపెనీ లైసెన్సు మీద తయారు చేసిన సెట్లూ, 1970లలో ఇటలీ కోసం మినిటాలియా పేరుతో చేసిన సెట్లూ, వాస్తుశిల్పుల కోసం 1963లో మొదలుపెట్టిన చిన్న కొలత మాడ్యులెక్స్ ఇటుకలూ మన దగ్గర ఎవరికీ తెలియవు కాబట్టి వాటినీ ఆ మాట చెప్పి అమ్ముతుంటారు. ఇక అసలు అర్థంలో అమ్మకానికి ఉద్దేశించనివి, అంటే ప్లాస్టిక్‌నూ రంగునూ పరీక్షించడానికి బేయర్ కంపెనీ పోసిన 2×4 ఇటుకల (రెండు వరుసల్లో నాలుగేసి బుడిపెలున్నవాటి) వంటివి, ఎక్కువగా విడి ఇటుకలుగానే దొరుకుతాయి తప్ప పెట్టెల్లో కాదు. ఎవరైనా ఆ మాట అనగానే ఇందులో ఏ అర్థంలో అంటున్నారో అడిగి తెలుసుకోవడం నీ మొదటి పని కావాలి.

రెండవ పని, నా దృష్టిలో అన్నిటికంటె ముఖ్యమైనది, ఇటుకను చదవడం నేర్చుకోవడం. కొండపల్లి బొమ్మను చేతిలోకి తీసుకోగానే మన పెద్దవాళ్ళు ఆ తేలికదనాన్ని బట్టే అది తెల్ల పొణికి కర్ర అవునో కాదో చెప్పేవారు. రంగు వైపు ఆ తరువాతనే చూసేవారు. లెగో కూడా వడ్రంగి ఇంట్లో పుట్టినదే. 1932లో బిల్లుండ్‌లో ఓలె కిర్క్ క్రిస్టియాన్‌సెన్ అనే వడ్రంగి చెక్క బొమ్మలు చేయడంతో అది మొదలైంది. ప్లాస్టిక్ ఇటుకలు 1949లో వచ్చాయి, వాటికి నమూనా హిలరీ ఫిషర్ పేజ్ అనే ఇంగ్లీషు ఆయన కిడ్డీక్రాఫ్ట్ పేరుతో చేసిన ఇటుకలు. ఆ తొలినాటి ఇటుకను బోర్లా తిప్పి చూస్తే లోపల ఏమీ ఉండదు, ఖాళీ డబ్బాలా ఉంటుంది. చివర పక్కగోడల్లో సన్నని చీలిక ఉంటుంది. ఈనాడు మనకు అలవాటైన గొట్టాలు, అంటే కింది ఇటుక నెత్తి మీది బుడిపెలను గట్టిగా పట్టుకునే, 2×4 ఇటుకలో కనబడే ఆ మూడు గుండ్రటి గొట్టాలు, 1958 జనవరి 28న పేటెంటుకు దరఖాస్తు చేసిన తరువాత వచ్చినవి. కాబట్టి 1955 నాటిదని చెప్పి గొట్టాలున్న ఇటుకను నీకు ఎవరైనా చూపిస్తే, ఆ ఇటుక అసలైన లెగో కావచ్చు గానీ ఆ తేదీ మాత్రం నిజం కాదు.

ప్లాస్టిక్ కూడా సాక్ష్యం చెబుతుంది. 1963 వరకు ఇటుకలను సెల్యులోజ్ అసిటేట్‌తో పోసేవారు, ఆ తరువాత ఏబీఎస్ అనే గట్టి ప్లాస్టిక్‌కు మారారు. పాత ప్లాస్టిక్ కాలక్రమంలో వంగుతుంది, రంగు వెలుస్తుంది. దానిని సమతలమైన గాజు పలక మీద పెట్టి ఒక మూల వేలితో నొక్కితే రెండో మూల కొద్దిగా లేస్తుంది. నా దగ్గర అలాంటి ఎర్ర ఇటుక ఒకటి ఉంది, నొక్కినప్పుడు గాజు మీద సన్నగా టిక్కుమంటుంది. 1950ల నాటిదని చెప్పే ఇటుక గాజు మీద కొత్త పలకలా కదలకుండా కూర్చుంటే నేను దానిని మరోసారి అనుమానంగా చూస్తాను. ఏబీఎస్ ఇటుక అలా కాదు. బుడిపెను వదిలేసి కొలిస్తే ఎత్తు 9.6 మిల్లీమీటర్లు, ఒక బుడిపె మధ్య నుంచి పక్క బుడిపె మధ్యకు 8 మిల్లీమీటర్లు; ఈ కొలతలు దశాబ్దాలు గడిచినా మారలేదు. అయితే నకలు తయారీదారులు కూడా ఇవే కొలతలు పాటిస్తారు కనుక వెర్నియర్ కాలిపర్ వంకర పట్టుకోవడానికి పనికొస్తుంది గానీ నకలు పట్టుకోవడానికి పనికిరాదు. నకలును పట్టించేది బుడిపె మీది లెగో అన్న పేరు: తొలి ఏళ్ళ ఇటుకల సంగతి విడిచిపెడితే, అసలైన ఇటుక ప్రతి బుడిపె మీదా ఆ పేరు ఉంటుంది. భూతద్దం ఒకటి కొనుక్కో. ఆ పాత ఇటుకల విషయంలో ఒక జాగ్రత్త కూడా చెబుతాను: వెనకటి ఎరుపు, పసుపు ఇటుకల రంగుల్లో కాడ్మియం వాడిన కాలం ఉంది, కాబట్టి మీ అక్క పిల్లల చేతికి అవి అందకూడదు.

రంగు విషయంలో నాకు తగిలిన దెబ్బ నీకు తగలకూడదని ఇది వివరంగా రాస్తున్నాను. ఓడల్లో ఇంజనీరుగా ఉన్నప్పుడు 1981లో రోటర్‌డాంలో నేను కొన్న మొదటి సెట్ 928 నంబరు అంతరిక్ష నౌక. అది 1979లో వచ్చింది, అమెరికాలో దానినే 497 నంబరుతో అమ్మారు. పిల్లల ఆటల్లో దాని ముక్కలు సగం పోయాయి. ముప్పై ఏళ్ళ తరువాత, అన్ని ముక్కలూ ఉన్నాయని ఒకరు రాస్తే నమ్మి, ఫొటోలు చూసి, మరో సెట్ తెప్పించాను. ట్యూబులైటు కింద అంతా బాగానే కనబడింది. మర్నాడు ఉదయం వరండాలో, కిటికీ పక్కన, బూడిదరంగు ముక్కలన్నీ తెల్ల కాగితం మీద పరిచి చూశాను. పదకొండు ముక్కల్లో సన్నని నీలి ఛాయ ఉంది. కంపెనీ 2004 ప్రాంతంలో పాత బూడిదరంగులను, గోధుమరంగును మార్చేసింది. ఆ తరువాతి బూడిదరంగులో నీలం కలుస్తుంది. అంటే 1979 సెట్‌లో 2004 తరువాతి ముక్కలు పదకొండు చేరాయన్న మాట. వాటికి సరైన పాత ముక్కలను విడివిడిగా వెతికి తెప్పించుకోవడానికి నాకు రెండేళ్ళు పట్టింది. అదే సెట్‌లోని చిన్న మనుషులను కూడా చూడు: వాళ్ళ శిరస్త్రాణానికి గడ్డం కింద ఉండే పట్టీ చాలా సన్నం, ఎక్కువ సెట్లలో అక్కడే విరుగుతుంది, ఛాతీ మీది బంగారు రంగు గ్రహం ముద్ర ఆటలో అరిగిపోతుంది. ముద్ర మెరుస్తూ, పట్టీ చెక్కుచెదరకుండా ఉంటే గొప్ప భాగ్యమే, కానీ తలా మొండెమూ ఒకే కాలానివేనా అని అడగాలి. సెట్‌లో ఏ ముక్క ఏ రంగులో ఎన్ని ఉండాలో బ్రిక్‌లింక్ అనే ఇంటర్నెట్ సంత జాబితాలో ఉంటుంది. 2000లో మొదలైన ఆ సంతను 2019లో లెగో కంపెనీయే కొనేసింది. జాబితా ముందుంచుకొని లెక్కపెట్టకుండా ఏ సెట్‌నూ పూర్తి సెట్ అని ఒప్పుకోవద్దు.

పసుపెక్కిన తెల్ల ముక్కలను హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో ముంచి ఎండలో పెట్టి తెల్లబరిచే పద్ధతి ఒకటుంది. మామూలు ముక్కలకు చేసుకో, నేనూ చేశాను. కొన్ని నెలల తరువాత పసుపు మళ్ళీ తొంగిచూసింది. అరుదైన ముక్కకు మాత్రం చేయవద్దు, చేసినదానిని అమ్మేటప్పుడు ఆ సంగతి దాచవద్దు.

ధర విషయం క్లుప్తంగా చెబుతాను. అరుదుగా దొరుకుతోంది కాబట్టి ధర ఎప్పటికీ తగ్గదని అనుకోకు. 2008లో వచ్చిన తాజ్‌మహల్ సెట్, 10189 నంబరుది, 5,922 ముక్కలది, తయారీ ఆగిపోయాక ఎంతో ఖరీదు పలికింది. 2017లో కంపెనీ దానినే 10256 నంబరుతో 5,923 ముక్కలుగా మళ్ళీ తెచ్చేసరికి పెట్టుబడి అని పాతది దాచుకున్నవాళ్ళ లెక్కలన్నీ తలకిందులయ్యాయి. లాభం కోసమైతే మీ నాన్నగారు చెప్పినట్టు స్థలమో బంగారమో కొను. ఇటుక మీద ఇష్టం ఉంటేనే ఇటుక కొను. కస్టమ్స్ సుంకాన్ని కూడా ముందే ధరలో కలుపుకో: బొమ్మల మీద అది 2020లో 20 శాతం నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెరిగింది, పైగా 2021 జనవరి 1 నుంచి బొమ్మలకు బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ప్రమాణాల నిబంధన అమలులోకి వచ్చింది. ఈ రేట్లు బడ్జెట్ బడ్జెట్‌కూ మారుతుంటాయి కనుక డబ్బు కట్టకముందే క్లియరింగ్ ఏజెంటును అడిగి ఈనాటి రేటు కాగితం మీద రాయించుకో.

ఇక దాచుకోవడం. మన కృష్ణాతీరపు ఎండా తేమా రెండూ ఈ వస్తువులకు శత్రువులే. ఎండ తగిలితే రంగు మారుతుంది కాబట్టి గాజు బీరువాను పడమటి కిటికీకి ఎదురుగా పెట్టవద్దు. ముక్కలు కడగాలంటే 40 డిగ్రీలు దాటని నీళ్ళు వాడాలి. మే నెల మధ్యాహ్నం డాబా మీది ట్యాంకు నుంచి కుళాయిలో వచ్చే నీళ్ళు చేతికే కాలుతాయి, కనుక తెల్లవారుజామున కడిగి నీడలో గుడ్డ మీద ఆరబెట్టు. కలరా ఉండలు పెట్టవద్దు, ఆ ఆవిరి కొన్ని రకాల ప్లాస్టిక్‌ను మెత్తబరుస్తుంది. రబ్బరు బ్యాండు వేసి కట్టవద్దు, అది కరిగి అంటుకొని మరక వదులుతుంది.

నీళ్ళ సంగతి నీకు తెలుసు. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి మా వీధిలోకి వచ్చినప్పుడు కింది అరలో ఉన్న పద్నాలుగు సెట్లు మూడు రోజులు మునిగి ఉన్నాయి. బురద దిగాక బక్కెట్లలో కడిగితే ఇటుకలన్నీ మళ్ళీ ఇటుకలయ్యాయి, ఒక్కటి కూడా చెడిపోలేదు. సూచనల పుస్తకాలు మాత్రం దక్కలేదు. నునుపు కాగితం తడిసి, ఆరేకొద్దీ పేజీకి పేజీ అంటుకుపోయింది. 928 నాటి పుస్తకాన్ని విప్పబోతే నౌక ముక్కు ఒక పేజీ మీదా, రెక్క దాని ఎదుటి పేజీ వెనకా చీలి వచ్చాయి. పెట్టెలు చేతిలోనే పిండిలా విడిపోయాయి. అరుదైన సెట్ విలువలో పెద్ద వాటా ఆ పుస్తకానిదీ పెట్టెదీ అని తెలిసి కూడా వాటిని అన్నిటికంటె కింది అరలో పెట్టింది నేనే. అందుకే చెబుతున్నాను: కొన్న రోజునే పుస్తకం ప్రతి పేజీనీ ఫొటో తీసి ఉంచుకో, కాగితమూ అట్టా పై అంతస్తులో, మూత బిగుతుగా పట్టే డబ్బాలో పెట్టు, ఇటుకలను కింద ఉంచినా ఫరవాలేదు.

నీ అమ్మకందారుకు ఈ రాత్రే రాయి. పెట్టె ఆరువైపులా, ముఖ్యంగా అట్ట మూతలు అతికిన చోట దగ్గరగా తీసిన ఫొటోలు, వంటింటి త్రాసు మీద పెట్టెను పెట్టి బరువు కనబడేలా తీసిన ఫొటో, నీ పేరూ ఆనాటి తేదీ రాసిన చీటీని పెట్టె పక్కన ఉంచి తీసిన ఫొటో పంపమని అడుగు. అది తన చేతికి ఎవరి దగ్గర నుంచి, ఏ ఏడు వచ్చిందో కూడా రాయమను. తొందర పెడితే వదిలేయి. జవాబు ఇస్తే దానిని తీసుకొని ఆదివారం ఉదయం బయలుదేరి రా. ఆ లక్షా పదివేలలో పదో వంతుకే, ఐరోపాలో ఉన్న నా పాత సహోద్యోగి ద్వారా, 1960ల, 70ల కలగలుపు ఇటుకలు రెండు కిలోలు నీకు తెప్పించగలను. వాటిని గుట్టగా పోసి కాలం వారీగా విడదీయడం నీకు నేర్పుతాను. గాజు పలకా, ఆ వంగిన ఎర్ర ఇటుకా బల్ల మీదే ఉంచుతాను. భూతద్దం మాత్రం నీవు తెచ్చుకో, నాది బుడమేరులో పోయింది.

మీ అమ్మకు నా ఆశీస్సులు చెప్పు.

ఇట్లు,
మీ మామయ్య