25 మైక్రోగ్రాముల లెక్క

అమ్మాయ్,

మీ ఏరియా ఆసుపత్రి లేబర్ రూమ్‌లో నొప్పులు తెప్పించడానికి మిసోప్రోస్టాల్ వాడుతున్నారని, డబ్బాలోని కాగితం చదివితే అందులో అంతా కడుపులో పుండ్ల గురించే ఉందని రాశావు. అడగాల్సిన ప్రశ్నే అడిగావు.

అమెరికాలో మందులకు అనుమతులిచ్చే సంస్థ ఎఫ్‌డీఏ 1988లో ఈ మందుకు అనుమతి ఇచ్చింది కీళ్ళనొప్పుల మాత్రలు వాడేవాళ్ళకు కడుపులో పుండ్లు పడకుండా ఉండటానికే. గర్భసంచిని ముడుచుకునేలా చేయడం అప్పట్లో దీని దుష్ప్రభావం. ప్రసూతి వైద్యులు దాన్నే పనికి తెచ్చుకున్నారు. 2000 ఆగస్టులో ఈ మందు తయారుచేసే సియర్ల్ కంపెనీ గర్భిణులకు దీన్ని వాడొద్దంటూ డాక్టర్లకు ఉత్తరాలు పంపింది. 2002లో లేబుల్‌ను కొంత మార్చారు గానీ, నొప్పులు తెప్పించడానికని అనుమతి మాత్రం అక్కడ ఎవరూ తెచ్చుకోలేదు. చవక మాత్ర మీద అంత ఖర్చు ఏ కంపెనీ పెడుతుంది? ఇటు ప్రపంచ ఆరోగ్య సంస్థ మాత్రం 2005లోనే 25 మైక్రోగ్రాముల మాత్రను ఈ పనికోసమే అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది. మన పక్కన నాగపూర్‌లో బీపీ ఉన్న 602 మంది గర్భిణుల మీద చేసిన పరీక్ష 2017లో అచ్చయింది. నోటి ద్వారా ఇది ఇచ్చినవాళ్ళలో 57 శాతం మందికి, ఫోలీ గొట్టం (గర్భసంచి మూతిలో పెట్టి చివర బుడగ ఉబ్బించే గొట్టం) పెట్టినవాళ్ళలో 47 శాతం మందికి 24 గంటల్లోపు మామూలు కాన్పు అయింది. కాబట్టి లేబుల్ మీద లేకపోయినంత మాత్రాన ఆధారం లేని వాడకం అనుకోకు. డోసు చెప్పే కాగితం నీ చేతిలో ఉండదు, ఆ లెక్క నువ్వే పట్టుకోవాలి. అంతే తేడా.

ఆ లెక్కలోనే ప్రమాదమంతా ఉంది. పుండ్లకు 200 మైక్రోగ్రాములు రోజుకు నాలుగుసార్లు. మొదటి నెలల్లో గర్భస్రావానికి 800. కాన్పయ్యాక రక్తస్రావం కాకుండా 600. నెలలు నిండిన కడుపుతో ఉన్న మనిషికి 25 మాత్రమే. గర్భం పెరిగేకొద్దీ ఈ మందుకు గర్భసంచి స్పందించే తీరు విపరీతంగా పెరుగుతుంది. పైగా మీ ట్రేలో రక్తస్రావం కోసం పెట్టినవి 200 మైక్రోగ్రాముల మాత్రలు. రాత్రి డ్యూటీలో ఎవరైనా పొరపాటున అందులోది ఒకటి ఇస్తే ఒకేసారి ఎనిమిది డోసులు పడ్డట్టే. ఆ స్ట్రిప్పుల్ని పీపీహెచ్ (కాన్పయ్యాక రక్తస్రావం) కిట్‌లో పెట్టి తాళం వేయించు. 25 మాత్రలు వేరే అరలో, వేరే డబ్బాలో ఉండాలి. ఆర్డర్‌లో "ఒక మాత్ర" అని ఎప్పుడూ రాయకు. ఎన్ని మైక్రోగ్రాములో, ఏ దారినో, ఎన్ని గంటలకో రాయి.

మందు దాకా వెళ్ళేముందు పొట్ట చూడు. నోటితో అడిగి ఊరుకోకుండా, చీర తప్పించి, లైటు వేసి చూడు. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రలో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లే. అంటే రెండో కాన్పుకు వచ్చేవాళ్ళలో చాలామందికి కుట్ల మచ్చ ఉంటుంది. గర్భసంచి మీద పాత కోత ఉంటే, అది సిజేరియన్‌దైనా, గడ్డలు తీసినదైనా, ఈ మందు ముట్టుకోవద్దు. కుట్టు దగ్గరే గర్భసంచి చిరగొచ్చు. అలాంటివాళ్ళకు నొప్పులు తెప్పించక తప్పకపోతే పెద్దాసుపత్రికి పంపు, వాళ్ళు ఫోలీ సంగతి చూసుకుంటారు. మాయ కిందికి ఉన్నా, బిడ్డ అడ్డం తిరిగి ఉన్నా, గుండె చప్పుడు బాగోలేకపోయినా ఇది పనికిరాదు. నాలుగైదు కాన్పులైన మనిషైతే రెట్టింపు జాగ్రత్త. ఉబ్బసం ఉందని మాత్రం దీన్ని ఆపక్కర్లేదు. ఉబ్బసానికి పడనిది కాన్పయ్యాక రక్తస్రావం ఆపడానికి ఇచ్చే కార్బోప్రోస్ట్ ఇంజెక్షన్. ఈ రెంటినీ కలగలిపేస్తుంటారు.

అసలు నొప్పులు తెప్పించాల్సిన కారణం ఉండాలి: 41 వారాలు దాటడం, బీపీ, ఉమ్మనీరు పోయి నొప్పులు రాకపోవడం లాంటివి. పంతులుగారు రాసిచ్చిన ముహూర్తం కారణం కాదు. వాదన అక్కర్లేదు. ఈ మందుతో కాన్పుకు ఒక రోజైనా పట్టొచ్చు, గంట చెప్పి తెప్పించలేం అని చెప్పేస్తే సగంమంది వాళ్ళే ఊరుకుంటారు.

మొదట గర్భసంచి మూతి చూసి, అది కాన్పుకు ఎంత సిద్ధంగా ఉందో చెప్పే బిషప్ స్కోరు రాసుకో. ఆరు, అంతకన్నా తక్కువైతేనే మూతి మెత్తబరిచే ఈ మందు అవసరం. బిడ్డ గుండెను 20 నిమిషాలు రికార్డు చేయి. ఆపైన నోటి ద్వారా రెండు గంటలకోసారి 25 మైక్రోగ్రాములు, లేదా యోనిలో వెనక వైపు లోతుగా ఆరు గంటలకోసారి 25. నోటి ద్వారా ఇచ్చింది అరగంటలో రక్తంలో హెచ్చి, రెండు గంటలకల్లా తగ్గిపోతుంది. లోపల పెట్టింది మెల్లగా ఎక్కి, నాలుగు గంటలు దాటినా పనిచేస్తూనే ఉంటుంది. అందుకే ఆ గడువులు. నీలాంటి చోట నోటి దారే మేలని నా అభిప్రాయం. ఏదైనా తేడా చేస్తే త్వరగా దిగిపోతుంది, మాటిమాటికీ లోపల పరీక్ష అక్కర్లేదు, ఉమ్మనీరు పోయినవాళ్ళకు ఇన్ఫెక్షన్ భయమూ తగ్గుతుంది. ఒక దారిలో మొదలుపెడితే అదే దారిలో సాగాలి. రెండు డోసులకు కదలిక లేదని మూడోది రెట్టింపు చేయకు.

25 మాత్ర దొరక్కపోతే 200 మాత్రను బ్లేడుతో ఎనిమిది ముక్కలు చేయడం చాలాచోట్ల చూస్తావు. వద్దు. ముక్కలు సమానంగా రావు, మందూ మాత్రంతటా ఒకేలా పరుచుకుని ఉండదు. ఒక ముక్కలో 15 ఉంటే ఇంకోదాంట్లో 40 ఉండొచ్చు. దానికి బదులు శుభ్రమైన సీసాలో 200 మి.లీ. తాగే నీళ్ళు కొలిచి పోసి, ఒక మాత్ర వేసి పూర్తిగా కరిగించు. ఒక మి.లీ.కి ఒక మైక్రోగ్రాము. 25 మి.లీ. సిరంజితో తీసి తాగిస్తే సరిగ్గా ఒక డోసు. అడుగున పిండిలా పేరుకుంటుంది కాబట్టి ప్రతిసారీ బాగా కుదిపాకే తీయాలి. సీసా మీద మనిషి పేరు, కలిపిన టైము రాసి అంటించు, 24 గంటలైతే పారబోయి. మాత్రను కూడా కలిపేటప్పుడే అల్యూమినియం రేకులోంచి తీయి. తేమ తగిలితే మందు చెడుతుంది. ముందే విప్పి డబ్బాలో పోసిపెట్టిన మాత్రలు పనిచేయక, మందు మీద నింద పడుతుంటుంది.

ప్రతి డోసుకు ముందు పొట్ట మీద చెయ్యి పెట్టి పది నిమిషాలు లెక్కపెట్టాలి. సిస్టర్ తీరికలేదంటే నువ్వే కూర్చో. పది నిమిషాల్లో మూడు గట్టి నొప్పులు వస్తుంటే తర్వాతి డోసు వద్దు. అరగంట సేపు సగటున పదికి ఐదు దాటాయంటే అతిగా వస్తున్నట్టు. నొప్పికీ నొప్పికీ మధ్య గర్భసంచి సడలకపోతే బిడ్డకు రక్తం అందదు, గుండె పడిపోతుంది. వెంటనే ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టు, సెలైన్ పెట్టు, లోపల మాత్ర మిగిలి ఉంటే వేలితో తీసేయి. బిడ్డ గుండె తేరుకోకపోతే గర్భసంచిని సడలించే టెర్బుటలిన్ 0.25 మి.గ్రా. చర్మం కింద ఇవ్వు. దానికీ లొంగకపోతే థియేటరే. అర్ధరాత్రి థియేటర్, మత్తు డాక్టర్, రక్తం అందుబాటులో లేని చోట ఈ మందు మొదలుపెట్టనే కూడదు. సబ్‌సెంటర్‌లోనూ, ఇంట్లోనూ ఊసే ఎత్తొద్దు. వణుకు, కాస్త జ్వరం, విరేచనాలు మందు వల్ల రావచ్చు. అయినా ఉమ్మనీరు పోయిన మనిషికి జ్వరమొస్తే మందు మీదికి నెట్టేయకుండా ఇన్ఫెక్షన్ కోసం వెతుకు.

ఒప్పుకోలు కాగితం మీద సంతకం పెట్టించే ముందు ఆ అమ్మాయికే, అత్తగారికి కాదు, మాటల్లో చెప్పు: "ఇది నొప్పులు తెప్పించే మందమ్మా. డబ్బా మీద వేరే జబ్బుకని ఉంటుంది, కానీ కాన్పులకు చాలా ఏళ్ళుగా వాడుతున్నారు. నొప్పులు మరీ ఎక్కువైతే ఆపరేషన్ పడొచ్చు." అంత చెబితే చాలు. అది చెప్పినట్టు కేస్ షీట్‌లో రాయి.

నొప్పులు పెంచడానికి డ్రిప్‌లో ఎక్కించే ఆక్సిటోసిన్ విషయం ఒకటి మిగిలింది. ఆఖరి మిసోప్రోస్టాల్ డోసు పడ్డాక నాలుగు గంటలు గడిచేదాకా ఆ డ్రిప్ ఎక్కించకూడదు. రెండూ కలిస్తే గర్భసంచి చిరిగే ప్రమాదం పెరుగుతుంది. ఇది ఎక్కువగా తప్పేది డ్యూటీ మారే వేళ. పొద్దున వచ్చిన డాక్టర్‌కు ఏడింటికి పడ్డ డోసు సంగతి తెలియక ఎనిమిదింటికి డ్రిప్ పెట్టేస్తారు. అందుకని ఆఖరి డోసు టైము, దానికి నాలుగు గంటలు కలిపిన టైము రెండూ కేస్ షీట్ మొదటి పేజీ మీద ఎర్ర సిరాతో రాయించు. డ్యూటీ అప్పగించేటప్పుడు మంచం దగ్గరే నిలబడి పైకి చదివి వినిపించు.