చెత్త ఆటోలో వెళ్లిపోయిన ప్లేటింగ్ స్లడ్జ్ బస్తాలు: కాలుష్య నియంత్రణ మండలికి (పీసీబీ) చెప్పాలా, ఊరుకోవాలా?

ప్రశ్న: మాది హైదరాబాద్ శివారులో చిన్న నికెల్-క్రోమ్ ప్లేటింగ్ యూనిట్, ఇద్దరం పార్ట్‌నర్స్. ఈటీపీలో (వ్యర్థజలాలు శుద్ధి చేసే ప్లాంటు) మిగిలే స్లడ్జ్, అంటే లోహాలున్న బురద, బస్తాల్లో కట్టి షెడ్డులో పెట్టి, కొంత పోగయ్యాక దుండిగల్‌లోని ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి పంపిస్తాం. మొన్న నేను ఊళ్లో లేనప్పుడు కొత్తగా చేరిన కాంట్రాక్ట్ కుర్రాడు షెడ్డు క్లీన్ చేస్తూ ఆరు బస్తాలు చెత్త ఆటోలో ఎక్కించేశాడు, రెండొందలు ఇచ్చాడట కూడా. ఈపాటికి జవహర్‌నగర్ డంప్ యార్డుకి చేరిపోయుంటాయి. ఆ చెత్త కొండలో ఎవడికి దొరుకుతాయి, కెలక్కు అంటున్నాడు మా పార్ట్‌నర్. చెబితే జైలా సార్?

జవాబు: చెప్పండి, అదీ ఈరోజే. ఇది చదవడం అయ్యేలోపు ఒక ఫోన్ అయినా చేసేయండి, మిగతాది తర్వాత చదువుకోవచ్చు.

ముందు ఒకటి అడగాలి, మీరు రాయలేదు. మీ దగ్గర సైనైడ్ బాత్ (సైనైడ్ కలిపిన ప్లేటింగ్ ద్రావణం తొట్టి) ఏమైనా ఉందా? జింక్, కాపర్ లైన్లు నడిపేవాళ్ల దగ్గర చాలాచోట్ల ఉంటుంది. ఆ స్లడ్జ్ గనక ఆ బస్తాల్లో కలిసుంటే, పైన ఎవరైనా యాసిడ్ సీసా పారేస్తే వచ్చేది విషవాయువు, అక్కడ చెత్త ఏరుకునేవాళ్లు ఉత్త చేతుల్తో బస్తాలు విప్పుతుంటారు, కాబట్టి ఉంటే ఫోన్లో మొదటి మాట అదే చెప్పాలి. ఉత్త క్రోమ్ అయినా తేలిగ్గా తీసుకోకండి. మీ ఈటీపీలో మెటాబైసల్ఫైట్ డోసు సరిగ్గా పడకపోతే విషం ఎక్కువుండే ఆరో వాలెన్సీ క్రోమియం అలాగే మిగిలిపోతుంది, అది నీళ్లలో కరిగే రకం, వానకి చెత్తలోంచి దిగే నల్లనీళ్లతో కలిసి భూమిలోకి పోతుంది.

ఇక మీ పార్ట్‌నర్ లాజిక్ సంగతి. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నియమాల ప్రకారం ప్రతి బస్తా మీదా ఫారం 8 లేబుల్ ఉండాలి, దాని మీద మీ యూనిట్ పేరు, అడ్రస్ ఉంటాయి. లేబుల్ అంటించారా, అయితే బస్తానే మిమ్మల్ని పట్టిస్తుంది, అంటించలేదా, అది ఇంకో ఉల్లంఘన. ఎటు చూసినా ఇరుక్కున్నట్టే. పైగా ఫారం 3 రిజిస్టర్లో రోజూ ఎంత స్లడ్జ్ వచ్చిందో రాసుంటారు, దుండిగల్ ఎంత పంపారో మానిఫెస్టుల్లో (వ్యర్థంతో పాటు వెళ్లే రవాణా పత్రాల్లో) ఉంటుంది, జూన్ 30 లోపు వేసే వార్షిక రిటర్న్‌లో ఆ రెండూ పక్కపక్కన పెడితే ఆరు బస్తాల తేడా చిన్నపిల్లాడికి కూడా కనపడుతుంది. అప్పుడు రిజిస్టర్ దిద్దుదాం అనిపిస్తుంది, అదే అసలు ప్రమాదం. కుర్రాడు చేసింది పొరపాటు, రిజిస్టర్ దిద్దితే అది మోసం, గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవడం.

జైలు గురించి అడిగారు. పర్యావరణ పరిరక్షణ చట్టం సెక్షన్ 15లో ఇదివరకు ఐదేళ్ల దాకా జైలు ఉండేది. జన్ విశ్వాస్ సవరణ 2024 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాక అది పెనాల్టీగా మారింది, 10 వేల నుంచి 15 లక్షల దాకా, ఉల్లంఘన కొనసాగితే రోజుకి మరో 10 వేలు. అడ్జుడికేటింగ్ ఆఫీసర్ విచారించి వేస్తాడు, వేసింది కట్టకపోతే మాత్రం మళ్లీ జైలు మాట వస్తుంది. అలాగని జైలు పూర్తిగా లేదనుకోకండి, విషపదార్థం విషయంలో నిర్లక్ష్యం వల్ల మనుషుల ప్రాణానికి ప్రమాదం ఏర్పడితే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 286 ఉంది, ఆరు నెలల దాకా. నిజం చెప్పాలంటే మీలాంటి చిన్న యూనిట్‌ని చంపేది ఇవేవీ కాదు, ప్రమాదకర వ్యర్థాలకి పీసీబీ ఇచ్చే అనుమతి (ఆథరైజేషన్) సస్పెండ్ చేయడం, పర్యావరణ చట్టం సెక్షన్ 5 కింద మూసేయమని ఆర్డర్ ఇచ్చి కరెంటు కట్ చేయించడం. ఇవి రాకుండా చూసుకోవడమే మన పని, ఆర్డర్ వచ్చేసినా 30 రోజుల్లో చెన్నైలోని గ్రీన్ ట్రిబ్యునల్ బెంచ్‌కి అప్పీల్ వేసుకోవచ్చు.

ఇంకా ఖర్చు. బస్తాలు ఇంకా ఆటోల చెత్తని పెద్ద లారీల్లోకి మార్చే ట్రాన్స్‌ఫర్ స్టేషన్‌లోనే ఉంటే ఆరు బస్తాల ఖర్చు. కంప్రెస్ అయి పెద్ద లారీ ఎక్కాయంటే కలిసిన చెత్త మొత్తాన్నీ ప్రమాదకరంగానే చూడాల్సి వస్తుంది, ఆరు బస్తాలు లారీ లోడు అవుతాయి, ఆ బిల్లు మీదే. రాజస్థాన్‌లో ఉదయ్‌పూర్ దగ్గర బిఛ్రీ ఊరి కేసు తెలిసే ఉండాలి, రంగుల తయారీలో వాడే హెచ్-యాసిడ్ ఫ్యాక్టరీల స్లడ్జ్ ఆరుబయట పోస్తే బావుల్లో నీళ్ల రంగే మారిపోయింది. ప్రమాదకరమైన పని చేసేవాడు జాగ్రత్త పడ్డాడా లేదా అన్నదాంతో సంబంధం లేకుండా నష్టం వాడే భరించాలని 1996లో సుప్రీంకోర్టు చెప్పింది. వాళ్లు ఏళ్ల తరబడి సాగదీస్తే 2011లో 37.385 కోట్లు, దాని మీద 12 శాతం చక్రవడ్డీ కట్టమంది. మీది ఆ స్థాయి కాదులెండి, కానీ లెక్క కట్టే పద్ధతి అదే.

సరే, ఏం చేయాలంటే. సీసీటీవీ చూసి ఆటో నంబర్, టైము రాసుకుని ఆ ఫుటేజ్ పెన్‌డ్రైవ్‌లో తీసి పెట్టుకోండి, చాలా డీవీఆర్‌లలో కొన్నాళ్లకి అదే చెరిగిపోతుంది. మీ ఏరియా పారిశుధ్యం చూసే ఎస్ఎఫ్ఏకి (శానిటరీ ఫీల్డ్ అసిస్టెంట్) ఫోన్ చేసి ఆటోని, ట్రాన్స్‌ఫర్ స్టేషన్‌ని పట్టుకోండి. పీసీబీ ప్రాంతీయ కార్యాలయంలో ఎన్విరాన్‌మెంటల్ ఇంజనీర్‌కి ఫోను, వెంటనే మెయిలు, తర్వాత ఫారం 11లో రిపోర్టు. ఆ ఫారం అడిగే రూల్ 22లో చెప్పిన ‘ప్రమాదం’ ఇది కాదేమో అని వాదించే లాయర్లు దొరుకుతారు, ఆ వాదన తర్వాతెప్పుడైనా చేసుకోవచ్చు, ఇప్పుడు ఫారం ఇచ్చేయండి. అదే కాపీ మున్సిపల్ అధికారులకి, యార్డు నడిపేవాళ్లకి ఇచ్చి స్టాంపు వేయించుకోండి. మీ కుర్రాళ్లని మాత్రం పారలిచ్చి యార్డు మీదకి పంపకండి, ఎవడికైనా ఏమైనా అయితే కేసు ఇంకోటి. తీయడం, శాంపిల్ టెస్టు, మానిఫెస్టుతో దుండిగల్ తరలించడం అంతా పీసీబీ చెప్పినట్టు ఆథరైజేషన్ ఉన్న వాళ్ల చేతే జరగాలి, ఖర్చు మేం భరిస్తాం అని లెటర్లోనే రాయండి.

లెటర్లో ఏడుపులొద్దు, కుర్రాడి మీద తోసేయడమూ వద్దు, చట్టం దృష్టిలో ఆక్యుపయర్, అంటే యూనిట్‌కి బాధ్యులు, మీరే. లేబర్ కాంట్రాక్టర్ దగ్గర డబ్బు రాబట్టుకోవడం మీకూ అతనికీ మధ్య విషయం, దానికి వేరే నోటీసు ఇద్దాం. ఏ రోజు, ఎన్ని గంటలకి, ఎన్ని బస్తాలు, రిజిస్టర్ ప్రకారం ఎన్ని కిలోలు, ఏ బాత్ స్లడ్జ్, ఇంతే. మీకు తెలిసింది ఎప్పుడో కూడా రాయండి, ఎందుకంటే తెలిసిన టైముకీ చెప్పిన టైముకీ మధ్య ఎంత గ్యాప్ ఉందన్నదే రేపు అందరూ అడుగుతారు. ఇప్పటికే రెండు రోజులు పోయాయంటే పోయాయని ఉన్నదున్నట్టు రాయండి.

ఆ కుర్రాణ్ణి ఇప్పుడే పనిలోంచి తీసేయకండి. ఏ బస్తాలు ఎక్కించాడో, ఆటో ఎటు వెళ్లిందో చూసినవాడు అతనొక్కడే.