లొంగిపోయిన క్షణం నుంచి మొదలుపెట్టు

చిరంజీవి అమ్మాయికి, మావయ్య దీవెనలు.

సైన్యంలో న్యాయ విభాగానికి ఎంపికయ్యావని మీ అమ్మ చెప్పింది, సంతోషం. చేతికి చిక్కిన ఖైదీలను చంపిన సైనికుడి మీద కేసు ఎలా నిలబెట్టాలని అడిగావు.

ఎవరు కాల్చారన్నది తర్వాత. చనిపోయినవాడు ఎప్పుడు ఆయుధం కింద పెట్టాడు, ఎవరి కాపలాలో ఉన్నాడు, ముందు ఇది తేల్చు. లేకపోతే "పోరులో పోయాడు" అంటారు, కాదంటే "పారిపోబోయాడు" అంటారు. 1944లో జర్మన్ల యుద్ధఖైదీల శిబిరం స్టలాగ్ లుఫ్ట్ 3 నుంచి తప్పించుకుని మళ్లీ దొరికిన 50 మంది మిత్రరాజ్యాల వైమానిక అధికారులను కాల్చేసి జర్మన్లు చెప్పింది ఇదే. గాయపడ్డవాళ్లు ఎందరని శిబిరంలోని బ్రిటిష్ అధికారి అడిగితే ఒక్కరూ లేరన్నారు. ఆ మాటతోనే కథ విరిగిపోయింది.

బతికి బయటపడ్డవాడు చెప్పేది ఒక్కోసారి నమ్మబుద్ధి కాదు. అయినా రాసుకో. 1940 మే 27న ఫ్రాన్స్‌లోని ల పారడీలో లొంగిపోయిన 97 మంది బ్రిటిష్ సైనికులను ఎస్‌ఎస్ (హిట్లర్ నాజీ పార్టీ సాయుధ విభాగం) దళం కొట్టం గోడ దగ్గర మెషిన్ గన్లతో కాల్చేసింది. శవాల కింద ఇద్దరు మిగిలారు, పూలీ, ఓకాలహన్. పూలీ 1943లో ఇంటికి చేరి చెబితే సొంత సైన్యమే నమ్మలేదు! యుద్ధం అయ్యాక ఓకాలహన్ కూడా అదే చెప్పడంతో కేసు కదిలింది. నేనక్కడ లేనని ఆ దళాన్ని నడిపిన క్నోహ్లైన్ ఎంత వాదించినా 1949 జనవరిలో ఉరి తప్పలేదు. అందుకే సాక్షులను విడివిడిగా కూర్చోబెట్టి, ఒకరి మాట ఒకరికి తెలియకుండా వాంగ్మూలం తీసుకో.

నిందితుణ్ణి మాత్రం భయపెట్టకు. బెల్జియంలో లొంగిపోయిన అమెరికన్ సైనికులను ఎస్‌ఎస్ వాళ్లు చంపిన మాల్మెడీ కేసులో 43 మందికి మరణశిక్ష పడింది, ఒక్కటీ అమలు కాలేదు. ఉత్తుత్తి విచారణలు పెట్టి ఒప్పించారన్న గొడవే దానికి పెద్ద కారణం.

కింది ర్యాంకు దగ్గర ఆగిపోకు. 1943లో సిసిలీలోని బిస్కారీ దగ్గర ఖైదీలను చంపిన అమెరికన్లలో సార్జెంట్ వెస్ట్‌కి యావజ్జీవం వేశారు, ఏడాది దాటగానే వదిలేశారు. జనరల్ ప్యాటన్ ఆదేశాలే పాటించానన్న కెప్టెన్ కాంప్టన్ నిర్దోషి అయ్యాడు. ఇదేం న్యాయమో నాకిప్పటికీ అంతుపట్టదు. ఆజ్ఞ ఎవరి నోట వచ్చింది, ఏ మాటల్లో వచ్చింది, అక్కడ ఎవరెవరు విన్నారు, అన్నీ రాయించు.

మన 1960 నాటి జెనీవా ఒప్పందాల చట్టం కింద ఇలాంటి హత్యకు మరణశిక్ష లేదా యావజ్జీవం. కానీ ప్రభుత్వం తరఫున ఫిర్యాదు వస్తేనే కోర్టు తీసుకుంటుంది. కాబట్టి పైకి పంపే ఫైల్లో మొదటి పేజీలోనే లొంగిపోయిన చోటు, వేళ, కాపలా ఉన్నవాళ్ల పేర్లు కనపడాలి.

మీ మావయ్య