ఫోన్‌లో బెడ్ సోర్ కోర్సు చేస్తే నిజంగా పని వస్తుందా? నా అనుభవం చెప్తాను

సిస్టర్, ఏఎన్ఎం చదివి రెండేళ్లుగా ఇళ్లకు వెళ్లి పేషెంట్లను చూస్తున్నానన్నారు. ఏజెన్సీ ఇప్పుడు బెడ్ సోర్ల మీద, అంటే మంచాన పడ్డవాళ్లకు ఒత్తిడి వల్ల పడే పుండ్ల మీద, ఫోన్‌లో కోర్సు చేయమంటోంది, డ్యూటీ దిగి వచ్చి ఆ వీడియోలు చూస్తే లాభం ఉంటుందా అని అడిగారు. నేను జీఎన్ఎం నర్సింగ్ చేసి పదకొండేళ్లుగా హైదరాబాద్‌లో హోమ్ కేర్‌లోనే ఉన్నాను. అలాంటి కోర్సులు రెండు చేశాను. మొదటిదాని వల్ల నా పేషెంట్‌కు ఏ మేలూ జరగలేదు. రెండోది నా పనినే మార్చేసింది.

మొదటి దాంట్లో అన్నీ వీడియోలే. చివర 20 ప్రశ్నలు, నాకు 19 వచ్చాయి, సర్టిఫికెట్ ఇచ్చారు. ఆ వారమే పక్షవాతంతో మంచం పట్టిన ఒక తాతగారి దగ్గర డ్యూటీ పడింది. మొదటి దశ అంటే వీడియోలో తెల్లటి ఒంటి మీద ఎర్రటి మచ్చ చూపించారు. వేలితో నొక్కి వదిలినా ఆ ఎరుపు పోదు, అదే గుర్తు అన్నారు. తాతగారిది బాగా నలుపు. తోక ఎముక దగ్గర కాస్త కమిలినట్టుంది గానీ ఎర్రగా లేదు కదా అని ఊరుకున్నాను. నాలుగో రోజు పొద్దున ఒళ్లు తుడుస్తుంటే అక్కడ తోలు ఊడి వచ్చింది. వాళ్ల కోడలు ఒక్క మాట అనలేదు. ఆ రోజు నాకు అన్నం సహించలేదు.

మన రంగు ఒంటి మీద ఎరుపు కోసం చూస్తూ కూర్చుంటే ఆలస్యమైపోతుంది. చేతి వెనక వైపు ఆనించి చుట్టుపక్కల చర్మంతో పోల్చాలి. అక్కడ వేడిగా ఉందా, చల్లగా ఉందా? గట్టిపడిందా, గుజ్జులా మెత్తబడిందా? తాకితే మొహం చిట్లిస్తున్నారా? మొదటి దశలో చర్మం చెక్కుచెదరదు, పుండే ఉండదు. అందుకే 2016లో అమెరికాలోని నేషనల్ ప్రెషర్ అల్సర్ అడ్వైజరీ ప్యానెల్ 'ప్రెషర్ అల్సర్' (ఒత్తిడి పుండు) అనే మాట మార్చి 'ప్రెషర్ ఇంజురీ' (ఒత్తిడి గాయం) అంది. పుండు కనబడేదాకా ఆగకూడదని నాకు ఆ పేరే గుర్తుచేస్తుంది. మీ కోర్సులో నల్లటి చర్మం ఫోటోలు ఉన్నాయో లేదో ముందు చూడండి, లేకపోతే గట్టిగా అడగండి.

రెండో కోర్సులో పాఠాలు పది నిమిషాలే, అన్నీ తెలుగులో. ముందే డౌన్‌లోడ్ చేసుకుంటే బస్సులో కూడా చూడొచ్చు. అసలు బలం అది కాదు. పాఠం అయ్యాక, ఆ రోజు మన చేతిలో ఉన్న పేషెంట్‌కు అదే చేసి పంపాలి, గాయాల పనిలో అనుభవమున్న ఒక మేడమ్ మర్నాటికల్లా చూసి చెప్పేవారు. బెడ్ సోర్ వచ్చే ప్రమాదం ఎంతో లెక్కగట్టే బ్రేడన్ స్కోర్ వేయడం అలాగే వచ్చింది నాకు. స్పర్శ, తడి, నడక, పక్కమీద కదలిక, తిండి, రాపిడి, ఈ ఆరింటికీ మార్కులు వేస్తాం. మొత్తం 6 నుంచి 23 దాకా ఉంటుంది, 18 లేదా అంతకన్నా తక్కువైతే ప్రమాదం ఉన్నట్టు. ఒక అమ్మమ్మకు నేను 15 వేశాను. మేడమ్ వీడియో కాల్‌లో "డైపర్ ఎన్ని గంటలకోసారి మారుస్తున్నారమ్మా?" అని అడిగారు. నేను తడికి 3 వేసిన చోట ఆవిడ 1 వేయించారు. స్కోరు 13కి దిగింది. ఆ సాయంత్రం నుంచే డైపర్ మార్చే పద్ధతి మారింది. అమ్మమ్మకు పుండు పడలేదు.

వీడియోల్లో చూపించేది హాస్పిటల్ మంచం. మనకు దొరికేది మధ్యలో గుంటపడ్డ పరుపు. పేషెంట్‌ను ఒక పక్కకు ముప్పై డిగ్రీలు వాల్చడం కోసం నేను వీపు వెనక దుప్పటి చుట్టి పెడతాను. పిక్కల కింద దిండు పెట్టి మడమలు దేనికీ ఆనకుండా చూస్తాను. పేషెంట్‌ను లాగకుండా, కింద పరిచిన దుప్పటితో ఇద్దరం కలిసి ఎత్తి జరుపుతాం. ఆ రెండో మనిషి ఎప్పుడూ ఇంటి కోడలో కూతురో. రాత్రి మనం వెళ్లిపోయాక పక్క మార్చేదీ వాళ్లే. అందుకే ఆ పాఠం వాళ్లకూ చూపిస్తాను. కమిలిన చోట నూనె పెట్టి మర్దనా చేయకూడదనీ, మధ్యలో బొక్క ఉన్న రబ్బరు రింగు పెట్టకూడదనీ నేను చెప్తే మొహమాటానికి తలూపేవాళ్లు, తెలుగులో వీడియో చూశాక నిజంగా మానేశారు.

ఫోన్ నేర్పలేనివీ ఉన్నాయి. పుండు అంచు కింద లోపలికి ఎంత దూరం గుల్లయిందో ఫోటోలో కనబడదు, వాసన రాదు. అందుకని ఫోటోతో పాటు వాసన, చీము, నొప్పి, జ్వరం గురించి కూడా రాసి పంపాలి. లోతుగా ఉన్నా, నల్లటి పొర కట్టినా డాక్టర్ చూడాల్సిందే. ముఖ్యంగా మడమ మీద ఎండి గట్టిగా అంటుకున్న నల్ల పెచ్చును మీరు కదపకండి. డ్రెస్సింగ్ చేతితో నేర్పే రోజు ఒక్కటైనా పెట్టమని ఏజెన్సీని అడగండి. కోర్సు సమయాన్ని డ్యూటీగా లెక్క కట్టమని కూడా అడగండి.

అడిగితే జవాబిచ్చే మనిషి మీ కోర్సులో ఉంటే తప్పక చేయండి. లేకపోతే వీడియోలు చూసి, మీ ఏజెన్సీలో అనుభవమున్న సిస్టర్ ఒకరిని ఆ జవాబులకు ఒప్పించుకోండి. ఫోటో తీసే ముందు ఇంటివాళ్లను అడగండి, మొహం పడకూడదు, పక్కన తేదీ రాసిన కాగితం స్కేలు పెట్టండి, ప్రతివారం అదే దూరం, అదే వెలుతురు. వాట్సాప్ గ్రూపులో మాత్రం పెట్టకండి.