గుండీ పెట్టుకోవడం చివరి అడుగు నుంచి నేర్పండి

మీ బాబుకి తొమ్మిదేళ్లొచ్చినా చొక్కా గుండీలు పెట్టుకోలేకపోతున్నాడనీ, రోజూ పూసలు గుచ్చిస్తున్నా మార్పు లేదనీ రాశారు. పూసలు గుచ్చితే పూసలు గుచ్చడమే బాగా వస్తుందండి. మేధో వైకల్యం ఉన్న పిల్లలకి ఒకచోట నేర్చుకున్నది ఇంకోచోట వాడటం చాలా కష్టం. గుండీ రావాలంటే గుండీతోనే నేర్పాలి, అదీ తను వేసుకున్న చొక్కా మీదే.

కాజాలోకి గుండీని సగం దాకా మీరే దూర్చండి. బయటికొచ్చిన అంచుని బొటనవేలూ చూపుడువేలుతో పట్టుకుని లాగడం ఒక్కటే బాబు పని. గుండీ పడిందన్న సంతోషం ప్రతిసారీ తనకే దక్కుతుంది. అది తేలిగ్గా వచ్చాక ఇంకొంచెం తక్కువ దూర్చి వదిలేయండి, అలా వెనక్కి జరుగుతూ రండి. ముందు పొట్ట దగ్గరి గుండీ పట్టండి, అది కంటికి కనబడుతుంది. మెడ దగ్గరిది అన్నిటికంటే ఆఖరున. టైలర్ చేత పెద్ద గుండీలు కుట్టించి, కాజాలు కాస్త వెడల్పు చేయించండి.

కూర్చున్నప్పుడు పాదాలు నేలకి ఆనాలి. ఒళ్లు తూలుతుంటే వేళ్లకి పట్టు దొరకదు. స్కూల్ బస్ టెన్షన్‌లో మాత్రం వద్దు, సాయంత్రం బట్టలు మార్చేటప్పుడు చేయించండి.

కండరాలు మరీ వదులుగా అనిపిస్తే రోజువారీ పనులు చేసుకోవడం నేర్పే ఆక్యుపేషనల్ థెరపిస్టుకి చూపించండి. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవారి కోసమే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్‌ఐఈపీఐడీ ఉంది. కేంద్ర ప్రభుత్వానిదే అయిన నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ ఆరోగ్య బీమాకి కూడా అప్లై చేయండి, అందులో థెరపీ ఖర్చులకీ కొంత వస్తుంది.